బల్ల దగ్గర రాణులు

ఖమ్మం, మున్నేటి ఒడ్డు
12 నవంబరు 2025

ప్రమీలా,

నీ పెళ్లికి ముందురోజు సాయంత్రం మన ఇంటి అరుగు మీద కూర్చుని తోమాసు నాకొక మాట ఇచ్చాడు. తాను పాస్టరుగా చేరిన తాటిగుంపు పల్లెలో మందిరానికి కప్పు పడగానే నిన్ను మళ్లీ కాలేజీకి పంపి బి.ఏ. పూర్తి చేయిస్తానన్నాడు. అది 1979. మందిరానికి కప్పు పడింది. ఆ కప్పు పాతబడి కొత్త రేకులు కూడా పడ్డాయి. నువ్వు మాత్రం కాలేజీ మెట్లు ఎక్కలేదు. మాట తప్పినవాడు పోయినంత మాత్రాన తప్పిన మాట పోదు. సమాధి కార్యక్రమానికి నేను రాకపోవడానికి మోకాళ్లు కారణమని లేకలేక పుట్టిన నీ కొడుకు అనిల్‌కుమార్‌తో చెప్పించాను. అసలు కారణం నీకు తెలుసు.

ఇక ఇప్పటి సంగతి. అనిల్‌కుమార్ ఫోన్లో గట్టిగా అరిచి చెప్పినా నా చెవికి అందింది సగమే. నాకు అర్థమైనంతవరకూ, నీ మరిది భాస్కర్ జూలూరుపాడులో ఎరువుల కొట్టు చూసుకుంటూనే ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి ప్రభురాత్రి భోజనపు బల్ల తనే ఇస్తానంటున్నాడు. ఆడమనిషి రొట్టె విరవకూడదట, ద్రాక్షరసం అందించకూడదట. నిన్ను విశ్రాంతి తీసుకోమంటున్నాడు. బల్ల ఎవరిదో మందిరం వాళ్లది. మందిరం ఎవరిదో వెనకున్న ఇల్లు వాళ్లది. ఈ ముక్క నీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

ముప్పై ఏళ్లు యూరప్ చరిత్ర చెప్పాను. వినాల్సిన వాళ్లు వినలేదు, నువ్వైనా విను. ఎలిజబెత్తు ఇరవై అయిదేళ్ల వయసులో ఇంగ్లండు సింహాసనం ఎక్కింది. ఆమె తండ్రి తనను తాను సంఘానికి శిరస్సునని ప్రకటించుకున్నవాడు. ఆడది శిరస్సు ఎట్లా అవుతుందని పెద్దలకు మింగుడు పడలేదు. ఆమె ఏం చేసింది? శిరస్సు అన్న మాట వదిలేసి పరిపాలకురాలు అన్న మాట పెట్టుకుంది. అధికారం మాత్రం పిసరంత వదల్లేదు. నువ్వు కూడా పాస్టరు అన్న పేరు అడగకు. ఎప్పటిలాగే పాస్టరమ్మగా ఉండు. బల్ల మాత్రం నీ చెయ్యి దాటనివ్వకు.

రెండోది, వారసుడి పేరు బయటపెట్టకు. పేరు చెప్పడమంటే తన శవం మీద కప్పే కఫన్ తన కళ్లముందే పరుచుకోవడమని ఆమె అన్నదట. బైబిలు కాలేజీలో అనిల్ చదువు పూర్తయ్యేదాకా అతని ఊసు ఎత్తకు. ఎత్తిన రోజున అందరూ అతని వైపు తిరుగుతారు, నువ్వు ఆ ఇంట్లో కిరాయిదారువి అవుతావు.

మూడోది సలహాదారులు. మీ సంఘ పెద్ద గోపాలు ఎవరు ఏమన్నా తల ఊపే మనిషి. ఆ తల ఎటు ఊగుతుందో చూసి గాలి ఎటు వీస్తుందో తెలుసుకో, అంతకు మించి వాడకు. నా కింద పనిచేసిన మురళీకృష్ణ తల ఊపి ఊపే ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆ జాతి నాకు బాగా తెలుసు.

నిరుటి వరదలో నా పుస్తకాలన్నీ ఉబ్బిపోయాయి. రాణుల పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతే చాకుతో విడదీసి చదువుకుంటున్నాను.

నీ చదువు దగ్గరే ఇంకా ఆగిపోయిన అన్నయ్య,
ఎబినేజర్

*

తాటిగుంపు, ములకలపల్లి మండలం
24 నవంబరు 2025

అన్నయ్యకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. గుంపులో అందరికంటే చివర చేతికి తీసుకున్నది నేనే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది, నీకు తెలియదు. బయటినుంచి ఏ ఉత్తరం వచ్చినా ఆదివారం రెండో పాట తర్వాత మందిరంలో చదువుతారు. వెనకటి అపొస్తలుల ఉత్తరాలు సంఘాల్లో అట్లాగే చదివేవారు కదా అని ఆయన పెట్టిన అలవాటు. ఇక్కడ సిగ్నలు గుట్ట ఎక్కితేనే దొరుకుతుంది. పట్నం పోయిన పిల్లలూ, గల్ఫులో నర్సుగా ఉన్న పిల్లా అందరికీ చదువుతారనే తెలుసు, అందుకు తగ్గట్టే రాస్తారు. పోస్టుమాన్ ఉత్తరాలన్నీ రోడ్డు మలుపులో గోపాలన్న కొట్లో ఇచ్చిపోతాడు. పాస్టరమ్మ అన్న ఓదార్పుగా రాశాడనుకుని గోపాలన్న మంచి మనసుతోనే విప్పాడు, అందరి ముందూ నిలబడి మొదలుపెట్టాడు.

మాట తప్పినవాడు అన్నదీ అందరి చెవినా పడింది. తర్వాత ఎలిజబెత్తు వచ్చింది. ముందు వరసలో కూర్చున్న అంతోనమ్మ లేచి, "ఎలిజబెతమ్మ ముసలితనంల యోహానును కన్నది గదా, సింహాసనం ఎక్కడిది?" అని అడిగింది. ఈమె బైబిల్లోని ఎలిజబెతమ్మ కాదు, వేరే ఆమె అని గోపాలన్న సర్దిచెప్పాడు కానీ సగం మందికి నమ్మకం కుదరలేదు. చివర ప్రార్థనలో ఆ తల్లి సింహాసనం కోసం కూడా ప్రార్థించారు.

తర్వాత గోపాలన్న తన పేరు దగ్గరికి వచ్చాడు. ఆపలేదు అన్నయ్యా. 'అంతకు మించి వాడకు' దాకా ఒక్క గొంతుతో చదివి, మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి తల ఊపడం మానేశాడు. కొట్లో ఉప్పు ఉందా అని అడిగినా తల నిలువుగా పెట్టుకుని "అవ్, ఉన్నది" అని నోటితో చెబుతున్నాడు.

భాస్కర్ కూడా ఆ రోజు వచ్చి ఉన్నాడు. "మా వదినె పాస్టరమ్మ గాదు, మహారాణి అయింది. మనకు ఇన్నొద్దులు తెల్వకపాయె," అని నవ్వుతూనే అన్నాడు. నవ్విన వాళ్లు నవ్వారు. ఎవరో గుట్ట ఎక్కి, అమ్మ నిన్ను వారసుడిగా ఒప్పుకోదట అని అనిల్‌కు ఫోన్ చేసి చెప్పారు. నేను ఎన్నిసార్లు చేసినా వాడు ఎత్తడం లేదు.

నాకు ఒకటి తెలియడం లేదు. పేరు పెట్టుకోవద్దంటావు, చెయ్యి వదలొద్దంటావు. డిసెంబరు ఏడున రొట్టె ముందు ఎవరో ఒకరు నిలబడాలి. నిలబడ్డాక పేరు ఏదైతేనేం? ఆ రాణి అయితే ఆ రోజు నిలబడేదా, ఆగేదా? తొందరగా రాయి.

ఆ చదువు సంగతి మళ్లీ ఎత్తావు. అది ఎప్పుడో తేలిపోయిందనుకున్నాను.

నీ చెల్లెలు,
ప్రమీల

*

ఖమ్మం
1 డిసెంబరు 2025

ప్రమీలా,

ఈసారి కవరు మీద మందిరంలో చదవరాదు అని ఎర్ర సిరాతో రాశాను. చూశావు కదా.

స్కాట్లాండు రాణి మేరీ బందీగా ఉండి బీరు పీపాల బిరడాల్లో ఉత్తరాలు దాచి పంపించేది. వాటిని తెరిచిన గూఢచారులు కూడా చదివి మళ్లీ మూసి పంపారే తప్ప పాటల మధ్య జనానికి వినిపించలేదు. మీ గుంపు వాళ్లకు ఆ మాత్రం మర్యాద కూడా లేదు. నీకు తెలియకుండా జరిగిందంటున్నావు. నమ్ముతాను, కష్టపడి.

నువ్వు అడిగినదానికి జవాబు: ఆగాలి. ఎలిజబెత్తు నలభై నాలుగేళ్లు ఆగుతూనే పాలించింది. పెళ్లి చేసుకోమని స్పెయిను రాజు అడిగాడు, ఆస్ట్రియా యువరాజు అడిగాడు, ఫ్రెంచి రాజుగారి తమ్ముడు పడవెక్కి వచ్చి మరీ అడిగాడు. ఎవరికీ కాదనలేదు, అవుననలేదు. ఆమె దగ్గర సైన్యం తక్కువ, ఖజానా అంతంత మాత్రం. వాయిదాయే ఆమె కోట. ఏడో తేదీన నువ్వు లేచి, దీని గురించి ప్రార్థనలో ఉన్నాను అని ఒక్క మాట చెప్పు. భాస్కర్‌కు ఇచ్చినట్టూ కాదు, లేదన్నట్టూ కాదు.

ఆమె రాణి కావడానికి కొన్ని నెలల ముందే స్కాట్లాండు బోధకుడొకాయన ఆడది పాలించడం ప్రకృతికి విరుద్ధమని పుస్తకమే అచ్చువేశాడు. ఆయన తిట్టింది వేరే రాణులను. తీరా తన మతానికే చెందిన ఆడది గద్దె ఎక్కేసరికి సర్దిచెప్పుకోలేక చచ్చాడు. భాస్కర్‌కు కూడా ఆ రోజు రావాలి.

అనిల్‌కు నేను విడిగా రాశాను. మీ అమ్మ కుదురుకునేదాకా గుంపు వైపు పోకు, నీ పేరు నువ్వే ఎక్కడా ఎత్తకు అని. నా మేనల్లుడు, అర్థం చేసుకుంటాడు.

ఇది చదివి పొయ్యిలో పెట్టు.

ఎబినేజర్

*

తాటిగుంపు
15 డిసెంబరు 2025

అన్నయ్యకు వందనాలు.

నువ్వు ఎర్ర సిరాతో రాసింది గోపాలన్న చూసి ఆ కవరును రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి ఇచ్చాడు. లోపల చదవకూడనిది ఉందని ఇప్పుడు గుంపంతా తెలుసు. పంచాయతీ ఎన్నికల మైకులు అంతగా మోగుతున్నా జనం దీని గురించే మాట్లాడుకుంటున్నారు. పోయినసారి చదివినప్పుడే నయం. అప్పుడు నువ్వు రాసిందే మాట్లాడుకున్నారు, ఇప్పుడు రాయనివి కూడా మాట్లాడుకుంటున్నారు.

ఏడో తేదీన నువ్వు చెప్పినట్టే చేశాను. తెల్లవారకముందే లేచి పులియని పిండి కలిపి రొట్టె కాల్చాను. నల్లద్రాక్ష ఉడకబెట్టి రసం తీశాను. ఈ పని పెళ్లయిన నాటి నుంచీ నాదే, ఆయన ఏనాడూ పొయ్యి దగ్గరికి రాలేదు. బల్ల మీద పెట్టి తెల్లగుడ్డ కప్పాను. పాట అయ్యాక లేచి, ప్రార్థనలో ఉన్నాను, వచ్చే నెల చూద్దాం అన్నాను. జనం ఆ గుడ్డ వైపే చూస్తూ కూర్చున్నారు. ఆశీర్వాదం చెప్పాక కూడా చాలాసేపు ఎవరూ లేవలేదు. ఆ రొట్టె నేనే ఇంటికి తెచ్చుకున్నాను. ఇన్నేళ్లలో రొట్టె ఇంటికి తిరిగి రావడం ఎరగను. తినలేను, పారేయలేను. ఇంకా అల్మారాలోనే ఉంది.

మరుసటి ఆదివారం మూడు కుటుంబాలు ఆటో మాట్లాడుకుని జూలూరుపాడులో భాస్కర్ పెట్టే ప్రార్థనకు పోయాయి. మందిరంలో బల్ల మూతబడితే మనం ఏం కావాలి అని వాళ్ల మాట. తప్పు పట్టలేకపోయాను.

అనిల్ వచ్చాడు. చేతిలో నీ ఉత్తరం. "అమ్మా, నేను నీ కొడుకునా, నీ మీద దండెత్తి వచ్చినోణ్ణా? మామయ్య ఏంది గిట్ల రాస్తడు?" అన్నాడు. నేను చెప్పబోయేలోపే సంచి తీసుకుని చిన్నాన్న ఇంటికి పోయాడు. అక్కడే ఉంటున్నాడు.

భాస్కరూ పెద్దలూ కలిసి ఒక కాగితం రాయిస్తున్నారట. ఆరోగ్యం బాగాలేక నా ఇష్టంతోనే సేవ అప్పగిస్తున్నానని. జనవరి నాలుగున మందిరంలో సంతకం పెట్టాలి. ఇల్లు మందిరంతో పాటే పోతుంది. వెనక వంట కొట్టం నాకు వదిలేస్తారట.

ఆ రాణి తేల్చకపోతే అది తెలివి అయింది. నేను తేల్చకపోతే చేతకానితనం అయింది. ఎక్కడ తేడా వచ్చిందో నువ్వే చెప్పాలి. ఆమె దేశం చుట్టూ సముద్రం ఉంది, ఎటుపోవాలన్నా పడవ కావాలి. మా గుంపు నుంచి జూలూరుపాడుకు ఆటో ఉంది. అదేనేమో.

ప్రమీల

*

ఖమ్మం
22 డిసెంబరు 2025

ప్రమీలా,

సంతకం పెట్టకు. ఈ ఉత్తరంలో ఇది ఒక్కటే నీకు పనికొస్తుంది, మిగతాది ముసలివాడి గొణుగుడు అనుకో.

మేరీని చెరువు మధ్య కోటలో పెట్టి, కడుపు పోయి మంచం మీద ఉన్న మనిషి చేత ప్రభువులు సంతకం పెట్టించారు. కాగితంలో రాజు పేరు ఆమె కొడుకుది, ఏడాది పిల్లవాడు. కుర్చీలో కూర్చున్నది ఆమె సవతి అన్న. నీ కాగితంలోనూ అనిల్ పేరే ఉంటుంది చూడు.

ఫ్రాన్సులో ఒక రాజుగారి భార్య మొగుడు పోయాక ముప్పై ఏళ్లు నల్లబట్టలు విప్పకుండా ముగ్గురు కొడుకుల పేరుమీద రాజ్యం నడిపింది. మంచి జరిగితే కొడుకుల ఖాతాలో, చెడు జరిగితే ఈమె ఖాతాలో. స్వీడనులో ఇంకొకామె, క్రిస్టీనా. ఎవరూ బలవంతం చేయకుండానే దిగిపోతానంది. దిగే రోజున ఆమె తలమీది కిరీటం తీయాల్సిన ప్రభువు కదలకుండా నిలబడిపోయాడట. చివరికి తన చేత్తో తనే తీసుకుంది. ఇది నీకెందుకు రాశానో నాకు తెలియదు. పేజీలు విడదీస్తుంటే ఇది చేతికొచ్చింది.

నీ చేతిలో డిగ్రీ ఉండి ఉంటే ఇవాళ ఎరువుల కొట్టువాడు నీ ముందు కాగితం పెట్టేవాడు కాదు. నిన్ను కాలేజీలో చేర్చడానికి నాన్నతో ఏడాదిపాటు మాట్లాడకుండా ఉన్నవాణ్ణి నేను. నిన్ను రేకుల కింద రొట్టెలు కాల్చే మనిషిగా మిగిల్చింది తోమాసు. 1981 జూన్‌లో ఒకసారి నా గుమ్మం దాకా వచ్చాడు. ఏ ముఖం పెట్టుకుని వచ్చావని వీధిలోనే నిలబెట్టి అడిగాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అంతా విని, 'వందనాలు బావగారూ' అని వెనక్కి తిరిగాడు. ఆ రోజు చేసినదానికి నాకేమీ చింత లేదు.

అన్నయ్య,
ఎబినేజర్

*

తాటిగుంపు
9 జనవరి 2026

అన్నయ్యకు వందనాలు.

గెలిచానో ఓడానో తెలియదు. జరిగింది రాస్తాను, నువ్వే చూసుకో.

నాలుగో తేదీన కూడా రొట్టె కాల్చాను. భాస్కర్ కాగితం తెచ్చి నేరుగా నా ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు. అప్పుడు గోపాలన్న లేచాడు. బయటి కాగితం ఏదైనా ఈ మందిరంలో చదవాల్సిందే, పాస్టరుగారు పెట్టిన పద్ధతి అన్నాడు. భాస్కర్ అవసరం లేదన్నాడు. గోపాలన్న అప్పటికే కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

ఆరోగ్యం బాగాలేనందున అని చదవగానే, "నాకేం రోగం లేదు గోపాలన్నా. తర్వాతది చదువు," అన్నాను. కొందరు నవ్వారు. తర్వాతది అనిల్ గురించి. చదువు అయ్యాక సంఘ పెద్దలు తగినవాడని ఎంచినప్పుడు అతనికి సేవ అప్పగిస్తారు, అప్పటిదాకా భాస్కర్ చూస్తాడు అని ఉంది. అనిల్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. చిన్నాన్న వాడికి వచ్చే ఏడాదే నీది అని చెప్పాడట. వాడి ముఖం చూశాను. నువ్వు తిట్టిన పద్ధతే అన్నయ్యా ఇది, అందరి ముందూ చదవడం.

అప్పుడు నాకు నీ స్వీడను ఆమె గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో నేనూ చెప్పలేను. "సంతకం ఎందుకు భాస్కర్? రొట్టె ఆడనే ఉన్నది. వచ్చి నీ చేత్తో తీసుకో," అని, వెళ్లి ఆడవాళ్లలో కూర్చున్నాను.

అతను ఆగలేదు. ప్రార్థన చేసి, రొట్టె విరిచి, పళ్లెం పట్టుకుని వచ్చాడు. మగవాళ్లలో కొందరు తీసుకున్నారు. మా దగ్గర దోసిలి పడితేనే రొట్టె పెడతారు. ఆడవాళ్ల వైపు వచ్చేసరికి ఒక్కరూ దోసిలి తెరవలేదు. అంతోనమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని, "పెండ్లయి వచ్చిన కాడి నుంచి ఈమె చేసిన రొట్టె తింటున్న. నడుమ నువ్వు ఎవరివి బిడ్డా?" అంది. గట్టిగా కూడా అనలేదు. మిగిలినవాళ్లు కింద నేల చూస్తూ కూర్చున్నారు.

పళ్లెంలో సగానికి పైగా రొట్టె అట్లాగే వెనక్కి పోయింది. అనిల్ వచ్చి చిన్నాన్న చేతిలోంచి తీసుకున్నాడు. నా దగ్గరికి తెచ్చి, "అమ్మా, లే," అన్నాడు. లేచాను. ఇచ్చాను. మగవాళ్లలో ముందుగా దోసిలి పట్టింది గోపాలన్న. పెట్టించుకుని తల ఊపాడు, నవంబరు తర్వాత మొదటిసారి.

భాస్కర్ వెంట ఆరు కుటుంబాలు పోయాయి. అనిల్ ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు, కానీ ఇంట్లోనే పడుకుంటున్నాడు. ఇల్లు ఉంది. మందిరం సగం ఖాళీగా ఉంది. రాణులకు కూడా గెలుపు ఇట్లాగే ఉంటుందా?

ఇక రెండోది. నీ ఉత్తరం చివర 1981 జూన్ సంగతి రాశావు. పలుసార్లు చదివాను, అర్థం కాలేదు.

ఆ ఏడాది ఆయనే కాలేజీకి పోయి, తిరిగి, నాకు పరీక్ష హాల్‌టికెట్ తెచ్చారు. వెళ్లనన్నది నేను. అప్పుడు గుంపులో పిల్లలకు తట్టు పోసింది. నేను ఇల్లిల్లూ తిరుగుతున్నాను, నేను చెబితే జనం వింటున్నారు. కాలేజీలో నేను ఎబినేజర్ చెల్లెల్ని. ఇక్కడ నేను ప్రమీలను. ఇందులో తప్పేమీ లేదు, ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. అయితే నీతో చెప్పడానికి భయపడ్డాను. బావగారికి నేను చెప్పొస్తానని ఆయనే బస్సెక్కారు. వచ్చాక, "చెప్పిన. మీ అన్న బాగ కోపం జేసిండు. ఇప్పట్ల తగ్గదు," అన్నారు.

నీ కోపం నా మీదనే అనుకున్నాను అన్నయ్యా, ఇన్నేళ్లూ. నువ్వు రాకపోవడం, పలకరించకపోవడం అంతా నేను చదువు వదిలేసినందుకే అనుకున్నాను. ఆయన మీద నీకు కోపమని తెలుసు, చెల్లెల్ని అనలేక ఆయన్ను అంటున్నాడు అనుకునేదాన్ని. వందనాలు అని వెళ్లిపోయాడని రాశావు. మరి నాతో 'చెప్పిన' అన్నారే? ఆయన నీకు ఏమీ చెప్పలేదా? నీకు ఇప్పటిదాకా తెలియదా?

ప్రమీల

*

ఖమ్మం
17 జనవరి 2026

ప్రమీలా,

తెలియదు.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులవుతోంది. ఆ జూన్ సాయంత్రాన్ని ఉబ్బిన పుస్తకం విప్పినట్టు పేజీ పేజీ విడదీస్తున్నాను. కొన్ని చిరిగిపోతున్నాయి. తోమాసు వీధిలో నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు ఉంది, వాన లేదు. నోరు తెరిచాడు. నేను మాట అందుకున్నాను. మళ్లీ తెరిచాడు, మళ్లీ అందుకున్నాను. మాట తప్పినవాడివి అన్నాను. అది విన్నాక ఇక తెరవలేదు. నా ముఖం చూసి, ఆ కోపం తన మీద ఉంటేనే మేలని లెక్క వేసుకుని ఉండాలి. లేదా భయపడి ఉండాలి. ఏది నిజమో అడగడానికి మనిషి లేడు.

నీకు వచ్చి చెప్పాను అన్నాడు. నాకు ఏమీ చెప్పలేదు. మనిద్దరి మధ్యా నిలబడి ఇద్దరికీ వందనాలు చెప్పుకుంటూ బతికాడు. ఎలిజబెత్తు మంత్రుల్లో కూడా ఇంత గుట్టుగా పనిచేసినవాడు లేడు. ఇన్నేళ్లూ ఎవరి కథ చదివాను, ఎవరికి పాఠం చెప్పాను? నీకు డిగ్రీ లేదని ఏడ్చాను. నువ్వేమో నాకు తెలియకుండానే ఒక చిన్న రాజ్యం చూసుకుంటున్నావు, దానికి నేను సలహాలు రాశాను. ఆగమన్నాను, రొట్టె ఇంటికి వచ్చింది. దాచమన్నాను, కొడుకు దూరమయ్యాడు. ఎందుకు రాశానో తెలియని ముక్క ఒక్కటి పనికొచ్చింది. దీన్నిబట్టి నా చరిత్ర పాఠం ఏపాటిదో నువ్వే చూసుకో.

రాణుల గెలుపు సంగతి అడిగావు. అవును, అట్లాగే ఉంటుంది. సగం ఖాళీగా.

ఫిబ్రవరి మొదటి తేదీ ఆదివారం. కొత్తగూడెం బస్సుకు వస్తాను, రోడ్డు మలుపు దగ్గరికి అనిల్‌ను పంపించు. అతను నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, చెవులు ఎలాగూ పనిచేయవు. చివరి బెంచీలో కూర్చుంటాను. దోసిలి పట్టడం మరిచిపోయి చాలాకాలమైంది, అంతోనమ్మను చూసి పడతాను. గోపాలుకు చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉంది, ఎదురుగానే చెబుతాను.

ఈ కవరు మీద ఎర్ర సిరా లేదు. రెండో పాట తర్వాత గోపాలు చేతనే చదివించు, మొదటి నుంచి చివరిదాకా, ఏ పేరు దగ్గరా ఆగకుండా.

నిన్ను తప్పు పట్టను. నీకు కావలసింది నువ్వు ఎంచుకున్నావు. నాన్న మీది కోపం నాన్నతోనే పోయింది. భాస్కర్ నా కోపానికి తగినంతటి మనిషి కాదు. కానీ గుమ్మం ముందు నిలబడి మూడోసారి నోరు తెరవనివాడు ఒకడున్నాడు. ఒక్కసారి గొంతు పెంచి, బావగారూ ఆగండి, వినండి అని ఉంటే నాకు చెల్లెలు మిగిలేది, బావ కూడా మిగిలేవాడు. అతని సమాధి దగ్గర ఇదే అంటాను. నేను ఇంకా నిందిస్తున్నది అతన్నే. తోమాసును.